లక్క, తోలు, ముత్యం: పాతబస్తీ చెప్పే భౌతికశాస్త్రం

చార్మినార్ పడమటి కమాను ఎదుట మొదలయ్యే లాడ్ బజార్‌లో లక్క ముద్దను ఎంత సెగకు చూపాలో, ఏ క్షణంలో వంచాలో, ఎప్పుడు దాని జోలికి పోకుండా వదిలేయాలో గాజుల పనివాళ్లు ఉష్ణమాపకం సాయం లేకుండానే నిర్ణయిస్తారు. అయినా ఆ నిర్ణయంలో ఇమిడి ఉన్న భౌతికశాస్త్రం డిగ్రీ తరగతుల్లో చెప్పే పదార్థ ధర్మాల పాఠానికి ఏ విధంగానూ తక్కువది కాదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న పత్తర్‌గట్టీలో ముత్యం మీద దోబూచులాడే రంగు, కాంతి తరంగ రూపంలో ప్రయాణిస్తుందనడానికి సాక్ష్యం చెబుతుంది. ఆషాఢ మాసంలో లాల్‌దర్వాజా వీధుల్లో డప్పు కొట్టేవాళ్లు మంట వేసి తోలు కాచుకోవడంలో కంపనాల సూత్రం ఒకటి పనిచేస్తుంది. చరిత్ర కోసం, రుచుల కోసం, కట్టడాల కోసం పాతబస్తీకి వచ్చేవారికి కొదవ లేదు గానీ, భౌతికశాస్త్రం నేర్చుకోవడానికి రావలసిన చోటుగా దాన్ని లెక్కలోకి తీసుకునేవారు అరుదు. గోల్కొండ కోట ద్వారం కింద చప్పట్లు కొడితే కొండ మీది మంటపంలో వినబడటం ఒక్కటే ఈ నగరపు శాస్త్రవిశేషంగా ప్రచారం పొందింది. అది గొప్పదే, కానీ అపురూపమైన దాన్ని చూసి ఆశ్చర్యపోవడం వేరు, రోజూ జరిగేదాని ముందు నిలబడి ఎందుకు, ఎంత అని అడగడం వేరు, శాస్త్రం ఎదిగింది ప్రధానంగా ఆ రెండో అలవాటు వల్లనే.

లక్క కరిగే తీరు

మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల లేత కొమ్మల మీద గుంపులుగా బతికే లక్కపురుగులు చెట్టు రసం పీల్చి, తమ ఒంటి చుట్టూ కవచంగా స్రవించుకునే జిగురు పదార్థమే లక్క. దానికి రంగు పొడులు, ఇతర పూరకాలు కలిపి, బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, పలక మీద దొర్లిస్తూ కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, ఆ మెత్తదనం పోకముందే అద్దపు ముక్కలు, రాళ్లు, పూసలు పొదగడం లాడ్ బజార్ చుట్టుపక్కల గల్లీల్లో తరతరాలుగా సాగుతున్న పని. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ పని సాధ్యం కావడానికి మూలం లక్క అణువుల అమరికలో ఉంది. మంచుగడ్డలో నీటి అణువులు క్రమం తప్పని జాలకంలో పేర్చినట్టు ఉంటాయి. అటువంటి పదార్థాన్ని స్ఫటికం అంటారు. ఆ అమరికలో అణువులన్నీ ఒకే విధమైన పట్టుతో నిలిచి ఉంటాయి కనుక సున్నా డిగ్రీల దగ్గర ఆ పట్టు ఒక్కసారిగా సడలి మంచు నీరవుతుందే తప్ప, నడుమ చేత్తో వంచదగిన మెత్తని మంచు అనే దశ ఉండదు. లక్కలో అణువులు రకరకాల పొడవుల్లో, ఏ క్రమమూ లేకుండా అల్లుకుని ఉంటాయి. ఇటువంటివి అస్ఫటిక పదార్థాలు. వేడి పెరిగే కొద్దీ ఆ అల్లిక ఒకచోట సడలి, మరొకచోట బిగువుగా నిలిచి, గట్టిదనం నుంచి ద్రవరూపానికి మెల్లమెల్లగా జారుకుంటుంది. సుమారు 75 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర లక్క కరిగి పారుతుంది; ఆ వేడికి దిగువన, పెళుసుగా విరిగే స్థితికీ పారే స్థితికీ నడుమ ఉన్న కొద్దిపాటి మేరలోనే గాజు తయారవుతుంది. ద్రవం పారకుండా ఎంతగా మొరాయిస్తుందో చెప్పే కొలతను స్నిగ్ధత అంటారు, కొద్ది డిగ్రీల తేడాతోనే లక్క స్నిగ్ధత ఎన్నో రెట్లు మారిపోతుంది. రాయి పొదిగే క్షణంలో లక్క ఆ రాయి దిగబడేంత మెత్తగానూ, దిగబడిన రాయి పక్కకు ఒరగనంత చిక్కగానూ ఉండాలి, ఆ క్షణం కాస్త ముందైనా వెనకైనా వరుస చెడుతుంది.

పనివాళ్లు ముద్దను సెగ మీద ఒకే వైపు ఉంచక తిప్పుతూ ఉండటానికి, మధ్యమధ్య సెగకు దూరంగా తీయడానికి కారణం లక్క ఉష్ణవాహకత. పదార్థం గుండా వేడి ఎంత చురుగ్గా ప్రయాణిస్తుందో తెలిపే ఈ గుణం లక్కలో రాగి కన్నా వెయ్యి రెట్లకు పైగా తక్కువ, అందువల్ల పైపొర కరిగి కారుతున్నా లోపలి భాగం ఇంకా గట్టిగానే ఉండగలదు. తొందరపడి సెగ పెంచితే పైన మాడుతుంది, లోపల లొంగదు. ఇదే గుణం తర్వాత మేలు చేస్తుంది: లోపలికి నిదానంగా చేరిన వేడి బయటికీ నిదానంగానే పోతుంది కాబట్టి, కుంపటి నుంచి తీశాక వరుసగా రాళ్లు అద్దేందుకు వ్యవధి దొరుకుతుంది, వెచ్చని లక్కను వేళ్లతో క్షణకాలం తాకినా చేతికి చేరే వేడి తక్కువగా ఉంటుంది. అయితే లక్కను పదేపదే, ఎక్కువసేపు, మితిమీరి వేడిచేస్తే దాని అణువులు ఒకదానితో ఒకటి శాశ్వతంగా ముడిపడిపోయి, ఆ తర్వాత ఎంత సెగ తగిలినా మెత్తబడని గట్టి పదార్థంగా మిగులుతుంది. పోత పోసిన లోహంలో తప్పు దొర్లితే మళ్లీ కరిగించుకోవచ్చు. లక్క అటువంటి అవకాశాలను కొన్నిటినే ఇస్తుంది. వినైల్ రాకముందు నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డులు తయారైంది కూడా ఈ లక్కతోనే అన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. పాటను గీతలుగా ముద్రించడానికీ, అద్దపు ముక్కను పొదగడానికీ కావలసిన గుణం ఒక్కటే.

పొదిగిన రాళ్ల తళుకులో మరో పాఠం ఉంది. గాజు రాయి లోపల ప్రయాణించే కాంతి దాని ఉపరితలాన్ని, లంబం నుంచి కొలిస్తే సుమారు 42 డిగ్రీలకు మించిన కోణంలో, ఏటవాలుగా తాకితే బయటికి పోలేక పూర్తిగా లోపలికే తిరిగి వస్తుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు, ఆ హద్దును సందిగ్ధ కోణం అంటారు. వజ్రంలో ఈ కోణం 24 డిగ్రీలే కాబట్టి అందులో జొరబడిన కాంతి తప్పించుకోవడం కష్టం, అనేకసార్లు పరావర్తనం చెంది చూసేవారి కంటికే చేరుతుంది. గాజు రాయిలో కాంతి వెనుక వైపు నుంచి సులువుగా జారిపోతుంది, అందుకే దాని అడుగున వెండి రంగు పూత వేసి దారి మూసేస్తారు. పూత ఊడిన రాయి గాజులోనే ఉన్నా వెలవెలబోతుంది. ఈ గాజులు కొన్నవారికి తెలియవలసిన మాట ఇంకొకటి: నడివేసవిలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే లక్క మెత్తబడే వేడి చేరుకోవడం ఏమంత కష్టం కాదు.

మంట దగ్గర డప్పు

బోనాలు ఆషాఢంలో వస్తాయి, అంటే వానలు మొదలై గాలిలో తేమ నిండిన రోజుల్లో. లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి ఆలయం దారుల్లో డప్పు దళాలు ఊరేగింపుకు ముందూ, నడుమ నడుమ ఆగినప్పుడూ గడ్డో కాగితాలో పోగేసి మంట వేసి డప్పు కాచుకోవడం ఎవరైనా చూడవచ్చు. ఊరేగింపు చూడవచ్చినవారిలో ఎక్కువ మంది ఆ సమయంలో చూపు మరల్చుకుంటారు, అసలు పాఠం అక్కడే జరుగుతుంది. చట్రానికి బిగించిన మేక తోలులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చి ఉబ్బి సాగుతాయి, దానితో తోలు వదులై డప్పు గొంతు మంద్రంగా, బొంగురుగా మారుతుంది. మంట సెగకు ఆ తేమ ఆవిరైపోగానే పోగులు ముడుచుకుంటాయి, చట్రం మాత్రం కదలదు, కాబట్టి తోలును నలుదిక్కులా లాగే బలం పెరుగుతుంది. ఈ లాగుడునే తన్యత అంటారు. సెకనుకు ఎన్ని కంపనాలు జరుగుతాయో చెప్పే పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది: తన్యత 4 రెట్లయితే పౌనఃపున్యం 2 రెట్లవుతుంది. నీరు పోయిన తోలు తేలికవుతుంది కూడా, తేలికైన పొర వేగంగా కంపిస్తుంది కనుక రెండు కారణాలూ ఒకే దిశగా పనిచేసి గొంతును పైకి లేపుతాయి. బరువైన సిర్ర దెబ్బకూ సన్నని సిటికెన పుల్ల దెబ్బకూ తేడా వేరువేరుగా, నిక్కచ్చిగా వినబడటం అప్పుడే మొదలవుతుంది. వాన జల్లు పడితే కాసేపటికే డప్పు మళ్లీ మంట అడుగుతుంది.

నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్, ఆఫ్రికా మూలాల కుటుంబాల ద్వారా పాతబస్తీకి చేరి, బార్కస్ ప్రాంతం పేరుతో ముడిపడిన మర్ఫా వాద్యకారులు కూడా పెళ్లి ఊరేగింపుల్లో తోలును ఇలాగే సెగకు చూపుతారు. భాషలు వేరు, పండుగలు వేరు, తోలు వినే సూత్రం ఒక్కటే.

డప్పుకు నిర్దిష్టమైన స్వరం ఎందుకు ఉండదన్న ప్రశ్న ఇంకా లోతుకు తీసుకుపోతుంది. సాగదీసిన తీగను మీటితే మూల స్వరంతో పాటు దానికి సరిగ్గా 2, 3, 4 రెట్ల పౌనఃపున్యం గల అతిస్వరాలు పలుకుతాయి, అందుకే చెవి దాన్ని ఒకే స్వరంగా గుర్తిస్తుంది. గుండ్రని తోలు పొరలో అతిస్వరాలు మూల స్వరానికి సుమారు 1.59, 2.14, 2.30 రెట్లు ఉంటాయి. వాటికి పొందిక కుదరదు, చెవికి స్వరం బదులు మోత వినబడుతుంది. తబలా, మృదంగాల తోలు నడుమ పూసే నల్లని పూత ఈ పరిస్థితిని మార్చివేస్తుందని సర్ సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు, 1934లో మరింత వివరంగా రాశారు: నడుమ చేర్చిన బరువు వల్ల తోలు కంపించే మొదటి 9 రీతులు 5 పొందికైన స్వరాలుగా సర్దుకుంటాయని ఆయన చూపించారు. మన వాద్యాల తయారీదారులు ఎప్పుడో చెవితో సాధించిన దాన్ని గణితం 20వ శతాబ్దంలో అందుకుంది.

రామన్ పేరు ఇక్కడ యాదృచ్ఛికంగా రాలేదు. విశాఖపట్నంలో, తండ్రి అధ్యాపకుడిగా ఉన్న ఏవీఎన్ కళాశాల నీడలో బాల్యం గడిపి, అక్కడే ఇంటర్మీడియట్ వరకు చదువుకున్న ఆయన జీవితమంతా కంటికీ చెవికీ రోజూ తగిలే వస్తువులనే ప్రశ్నించారు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగును చూసి వేసుకున్న ప్రశ్న 1928 నాటి రామన్ ఫలితానికి, 1930 నాటి నోబెల్ బహుమతికి దారి తీసింది. ఆయన వద్ద 1928లో చేరిన సూరి భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివినవారే. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా పనిచేశారు.

ముత్యం మీది రంగు ఎవరిది?

పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద దుకాణదారు తెల్లని గుడ్డ మీద ముత్యాల పేటలు పరిచి, ఒకదాన్ని పగటి వెలుతురుకు తిప్పి చూపినప్పుడు, తెలుపు మీద గులాబీ ఛాయ, ఆకుపచ్చ ఛాయ ఒకదాని వెంట ఒకటి జారడం కనిపిస్తుంది. ఆ ఛాయల్లో చాలా వరకు ముత్యంలో ఏ రంగు పదార్థమూ లేకుండా పుట్టినవే. ముత్యపు చిప్పలోని జీవి కాల్షియం కార్బొనేట్‌ను అరగొనైట్ అనే స్ఫటిక రూపంలో సన్నని పలకలుగా పేరుస్తూ, పలకల నడుమ సేంద్రియ పదార్థాన్ని పూస్తూ పొర మీద పొర కడుతుంది; ఒక్కో పలక మందం సుమారు అర మైక్రాన్, అంటే మిల్లీమీటరులో రెండు వేలవ వంతు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం, అంటే తరంగంలో ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం వరకు ఉన్న దూరం, సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఈ రెండు కొలతలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటంలోనే రహస్యమంతా ఉంది. పై పలక నుంచి వెనుదిరిగిన తరంగమూ, కింది పలకల నుంచి వెనుదిరిగిన తరంగాలూ కలిసినప్పుడు శిఖరాలతో శిఖరాలు కూడితే ఆ రంగు ప్రకాశిస్తుంది, శిఖరంతో లోయ కూడితే ఆ రంగు అణగిపోతుంది. దీని పేరు వ్యతికరణం. చూసే కోణం మారితే కాంతి లోపల నడిచే దూరం మారుతుంది, అందువల్ల కూడే రంగూ మారుతుంది. వాన తర్వాత మదీనా చౌరస్తా రోడ్డు మీద చమురు చుక్క పరుచుకుని ఇంద్రధనుస్సు రంగులు చూపేది కూడా ఈ వ్యతికరణం వల్లనే. రామన్ 1930ల నడుమ చిప్పల మీది ఈ రంగుల గురించి వరుసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు.

ముత్యాన్ని పంటికి రుద్ది చూసే పాత పద్ధతి వెనుకా ఇదే నిర్మాణం ఉంది. పలకల అంచులు ముత్యం ఉపరితలంపై అతి సన్నని మెట్లుగా తేలి ఉంటాయి, పంటి ఎనామిల్ ఆ గరుకును పసిగడుతుంది. ప్లాస్టిక్ పూస నున్నగా జారిపోతుంది. అరచేతిలో వేసుకోగానే అసలు ముత్యం చల్లగా తగలడం, బరువుగా అనిపించడం కూడా నమ్మదగిన ఆధారాలే: దాని సాంద్రత నీటికి సుమారు 2.7 రెట్లు, పైగా ప్లాస్టిక్ కన్నా చేతి వేడిని త్వరగా లాక్కుంటుంది.

ఆవిరి, నీరు, రాయి

పాతబస్తీ వంటలో భౌతికశాస్త్రం గురించి ఒక పుస్తకమే రాయవచ్చు. ఇక్కడ రెండు మాటలు చాలు. బిర్యానీ గిన్నె మూతను పిండి ముద్దతో మూసి దమ్ పెట్టినప్పుడు లోపలి నీటి ఆవిరి పైనున్న బియ్యం మీద తిరిగి నీరవుతూ, గ్రాముకు సుమారు 540 కేలరీల చొప్పున తాను మోసుకొచ్చిన గుప్తోష్ణాన్ని అక్కడ దించుతుంది, కాబట్టి అడుగు మాడకుండానే పైభాగం ఉడుకుతుంది. రంజాన్ నెలలో హలీం వండే భట్టీల దగ్గర పరిస్థితి వేరు: గోధుమ, మాంసం కలిసి చిక్కబడిన కొద్దీ వేడెక్కిన భాగం పైకి, చల్లని భాగం కిందికి తిరిగే సహజ ప్రవాహం ఆగిపోతుంది. ఈ ప్రవాహాన్ని సంవహనం అంటారు, అది ఆగిన చోట వేడి అడుగునే పేరుకుంటుంది. అందుకే మనుషులు పెద్ద కర్రలతో గంటల తరబడి కలుపుతూ, దంచుతూ ఉండాలి. ఆ కండల శ్రమ రుచి కోసమే అనుకోవడం సగం నిజం.

వేసవిలో దుకాణాల ముందు పెట్టే రంజన్ అనే మట్టి కుండలో నీరు చల్లబడటం అందరికీ తెలిసినదే. మట్టి గోడ సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి నుంచి వేడిని తీసుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత జోరుగా సాగుతుంది కాబట్టి ఏప్రిల్‌లో చల్లగా ఉన్న రంజన్ జులైలో అంతంతమాత్రమే.

చార్మినార్ విషయానికి వస్తే, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడపు ఒక్కో భుజం సుమారు 20 మీటర్లు, ఒక్కో కమాను వెడల్పు సుమారు 11 మీటర్లు. రాయి అదిమే బలాన్ని ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగే బలానికి సులువుగా విరుగుతుంది. 11 మీటర్ల ఖాళీ మీద అడ్డంగా రాతి దూలం వేస్తే దాని అడుగు భాగం లాగుడుకు గురై పగులుతుంది; అదే బరువును కమానుగా వంచితే ప్రతి రాయీ పక్క రాయిని అదుముతూ భారాన్ని ఇరువైపులా దించుతుంది. అయితే కమాను తన కాళ్లను బయటికి తోస్తుంది. ఆ తోపును నిలువరించేవి మూలల్లోని దిట్టమైన స్తంభాలు, వాటి మీద మోపిన మీనార్ల బరువు. అందం కోసం నిలిపినట్టు కనిపించే మీనార్లు తమ బరువుతో ఆ తోపును నేలవైపు మళ్లించడంలో పాలుపంచుకుంటున్నాయి.

ఫిసల్‌బండ నుంచి నడినెత్తి సూర్యుడి దాకా

చూడటాన్ని వృత్తిగా మార్చిన సంస్థ కూడా పాతబస్తీ చేరువలోనే పుట్టింది. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి తెప్పించిన 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినితో 1901లో ఫిసల్‌బండలో నిజామియా వేధశాలకు పునాది పడింది. 1907లో ఆయన మరణించాక, 1908లో ప్రభుత్వం దాన్ని స్వీకరించింది, బేగంపేటకు తరలించింది, 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని నక్షత్రాల స్థానాలు నమోదు చేసిన అంతర్జాతీయ పథకంలో దక్షిణ ఖగోళంలోని 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వాటాకు వచ్చింది. ఆ వేధశాలలో పనిచేసిన ఒక సహాయకుడి కుమారుడు, నిజాం కళాశాల విద్యార్థి వేణు బాప్పు తర్వాత భారత ఖగోళశాస్త్రానికి దారి చూపినవారిలో ముఖ్యుడయ్యారు.

దూరదర్శిని లేకుండా ఈ నగరంలో చేయదగిన ఖగోళ పరిశీలన ఒకటి ఏటా రెండుసార్లు వస్తుంది. చార్మినార్ అక్షాంశం 17.36 డిగ్రీల ఉత్తరం. సూర్యుడు ఉత్తరాయణంలో పైకి వెళ్లేటప్పుడు మే 9 ప్రాంతంలో, తిరిగి వచ్చేటప్పుడు ఆగస్టు 3 ప్రాంతంలో సరిగ్గా ఈ అక్షాంశం మీదుగా నడుస్తాడు. ఆగస్టులో మబ్బులు అడ్డుపడవచ్చు గానీ మే నెలలో ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ రోజు మధ్యాహ్నం సుమారు 12 గంటల 12 నిమిషాలకు నిటారుగా నిలిపిన కర్రకు పక్క నీడ ఉండదు. గడియారం 12 గంటలు కొట్టాక అన్ని నిమిషాలు ఆగవలసి రావడానికి ప్రధాన కారణం, భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి హైదరాబాద్ 4 డిగ్రీలు పడమరగా ఉండటమే.

అదే రోజు, అక్కడి మిట్టమధ్యాహ్నానికి, తిరుపతిలో నిలిపిన మీటరు పొడవు కర్రకు దక్షిణం వైపుగా సుమారు 6.5 సెంటీమీటర్ల నీడ పడుతుంది, ఎందుకంటే అక్కడ సూర్యుడు నడినెత్తికి సుమారు 3.7 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 415 కిలోమీటర్లు. 3.7 డిగ్రీలకు 415 అయితే 360 డిగ్రీలకు ఎంత అని లెక్క కడితే భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు వస్తుంది. ఈజిప్టులో ఎరటోస్తనీస్ రెండు వేల రెండు వందల ఏళ్ల క్రితం చేసిన పని ఇదే. దీనికి కావలసింది రెండు కర్రలు, ఒక కొలబద్ద, రెండు బడుల మధ్య ఒక ఫోన్ పిలుపు. మే నెల వేసవి సెలవుల్లోనే వస్తుంది కాబట్టి, పాతబస్తీలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు సెలవులు ఇవ్వకముందే తిరుపతిలో ఒక తోటి ఉపాధ్యాయుడితో మాట్లాడుకుని, మే 9న పిల్లలను 12 గంటలకే ఎండలోకి రమ్మనాలి.